కాన్పులో బిడ్డకు కీడు జరిగితే: మన ముందున్న చట్టమార్గాలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదికమీద పిల్లల చదువు గురించి మాట్లాడమని మాకు అప్పగిస్తూ వచ్చారు. ఈసారి మాత్రం విషయం మేమే అడిగి తీసుకున్నాం. మేము వకీళ్ళం కాము, డాక్టర్లమూ కాము. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. మా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. అయినా ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామో ముందుగా మనవి చేసుకుంటాం.

మొహల్లాలో ఎవరికి అర్జీ కావాలన్నా మా దగ్గరికి వస్తారు. రేషను కార్డు అర్జీ, బ్యాంకు అర్జీ, కరెంటు బిల్లు అర్జీ, అన్నీ రాసిపెట్టాం. కొన్నేళ్ళ క్రితం ఒక వెల్డింగ్ పనివాడు ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని వచ్చాడు. మొదటి కాన్పు, భార్యకు రాత్రంతా నొప్పులట. ఎన్నిసార్లు పిలిచినా పెద్ద డాక్టరు రాలేదట. తెల్లవారాక ఎలాగో బిడ్డను బయటికి తీశారు కానీ బిడ్డ ఏడవలేదు. మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉంచి, ఫిట్సు మందు రాసి ఇంటికి పంపారు. "మాస్టర్ సాబ్, ఒక అర్జీ రాసిపెట్టండి. ఆ రాత్రి ఏం జరిగిందో వాళ్ళు చెప్తే చాలు" అన్నాడు.

మేము రాయలేదు. "సబ్ర్ చెయ్యి భాయ్, నసీబులో ఉన్నది జరిగింది. పెద్ద ఆసుపత్రులతో మనకెందుకు?" అని టీ తాగించి పంపేశాం. మంచి మాటే చెప్పామనుకున్నాం.

ఏడేళ్ళ తర్వాత ఆ తల్లి బిడ్డను చంకన వేసుకుని అడ్మిషన్ కోసం మా బడికి వచ్చింది. బిడ్డ కూర్చోలేడు, మాట రాదు. కానీ మేము నవ్వితే నవ్వాడు. ఆసుపత్రి కాగితాలేమైనా ఉన్నాయా అమ్మా అని అడిగాం. అద్దె ఇళ్ళు మారడంలో ఆ కవరు పోయిందట. ఆసుపత్రికి వెళ్ళి అడిగాం. అంత పాత కేస్ షీట్లు ఉంచమన్నారు. ఆనాడు మేము కలం తీసి ఉంటే పరిహారం వచ్చేదో లేదో అల్లాకే తెలుసు. కానీ అడిగే దారి మూసుకుపోయేది కాదు. ఆ దారి మూసుకుపోవడంలో మా పాలు ఉంది. ఈ ప్రసంగం ఆ తల్లికి మేము బాకీ పడినది.

సబ్ర్ మన ధర్మమే, కాదనం. దుఃఖాన్ని ఓర్చుకోవడం సబ్ర్. లెక్క అడగకపోవడం సబ్ర్ కాదు. మనం అడిగేది మన కోసం కాదు, నోరు లేని బిడ్డ కోసం. రేపు మనం లేనప్పుడు ఆ బిడ్డకు అన్నం ఎవరు తినిపిస్తారన్నదే అసలు ప్రశ్న.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. బిడ్డకు ఏ లోపం కనిపించినా డాక్టరు తప్పేనని అనుకోరాదు. సెరిబ్రల్ పాల్సీ అనే జబ్బులో ఎక్కువ కేసులకు కారణం కాన్పు గంటల్లో జరిగింది కాదని వైద్యశాస్త్రం చెబుతుంది. కడుపులో ఉన్నప్పుడే వచ్చే కారణాలుంటాయి, నెలలు నిండకపోవడం ఉంటుంది. ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. ఆ చదువు, ఆ అనుభవం ఉన్న సాధారణ డాక్టరు చేయవలసిన పని చేశాడా లేదా అన్నదే చట్టం చూస్తుంది.

చేయవలసిన పని చేస్తే తప్పిపోయే కీడులూ ఉన్నాయి. బిడ్డ అడ్డం తిరిగో, తల ఇరుక్కునో కాన్పు ముందుకు సాగకపోతే వేళకు ఆపరేషన్ చేయాలి, లేదా పెద్ద ఆసుపత్రికి పంపాలి. నొప్పులు రావడానికి డ్రిప్పులో మందు ఎక్కిస్తే బిడ్డ గుండె చప్పుడు మాటిమాటికీ వింటూ ఉండాలి. భుజం ఇరుక్కున్నప్పుడు తల పట్టి గుంజితే చేతి నరాలు తెగిపోవచ్చు. పసికందుకు కామెర్లు ముదిరితే మెదడుకు ఎక్కుతుంది, వేళకు నీలిరంగు దీపం కింద పెడితే చాలా మటుకు తప్పుతుంది. నెలలు నిండని బిడ్డకు కొన్ని వారాల్లో కంటి పరీక్ష చేయించకపోతే చూపే పోవచ్చు.

ఈ చివరిదానికి సుప్రీంకోర్టు తీర్పే ఉంది. 1996 ఆగస్టులో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలోనే ఒక ఆడపిల్ల పుట్టింది. బరువు 1250 గ్రాములు. ఆ పిల్లకు కంటి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. రెండు కళ్ళూ పోయాయి. జాతీయ వినియోగదారుల కమిషన్ 2009లో 5 లక్షలిచ్చింది. తండ్రి అక్కడితో ఆగలేదు. 2015 జూలై 1న సుప్రీంకోర్టు, అప్పటికే అయిన వైద్య ఖర్చులకు 42,87,921 రూపాయలు, ముందు ముందు కాబోయే ఖర్చులకు 1 కోటి 38 లక్షలు ఇమ్మంది. ఏటా పెరిగే ధరలను కూడా లెక్కలోకి తీసుకుంది. అప్పటికి ఆ పిల్లకు 18 ఏళ్ళు దాటాయి. దారి ఉందని, ఆ దారి పొడుగైనదని రెండూ ఈ కేసులోనే తెలుస్తాయి.

ఇక దారుల సంగతి. అన్నిటికన్నా ముందు కాగితం. కేస్ షీటు, నొప్పులు ఎలా సాగుతున్నాయో గీసే చార్టు, బిడ్డ గుండె చప్పుడు నమోదైన పట్టీ, స్కానింగులు, ఆపరేషన్ నోట్సు, పసిపిల్లల వార్డు రికార్డు, డిశ్చార్జి కాగితం, డబ్బు కట్టిన రసీదులు, వీటన్నిటి నకళ్ళు కావాలి. బిడ్డ పుట్టిన ఒకటో నిమిషంలోనూ అయిదో నిమిషంలోనూ పదికి ఇన్నని అప్గార్ మార్కులు వేస్తారు. బడిలో మేమిచ్చే మార్కులకన్నా ముందు బిడ్డకు వచ్చే మార్కులివి. వాటిని తప్పక చూడండి.

రోగి గానీ రోగి తరఫువారు గానీ రికార్డులడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమాలు చెబుతున్నాయి. ఇన్‌పేషెంటు రికార్డు చికిత్స మొదలైన నాటినుంచి 3 ఏళ్ళు మాత్రం భద్రపరచమన్నవీ ఆ నియమాలే. ఆ వెల్డింగ్ భాయ్ కాగితాలు ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమైంది కదా. నోటిమాటగా అడగవద్దు. అర్జీ రాసి, నకలుమీద ముద్ర వేయించుకోండి. తీసుకోమంటే స్పీడు పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంట్లో ఎవరైనా ఆ రాత్రి జరిగినది గంటల వారీగా ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. ఆరు నెలలైతే గంటలు మరిచిపోతాం.

రెండవది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ఖర్చు మన బదులు బీమా కంపెనీ గానీ యజమాని గానీ కట్టినా అది ఉచిత వైద్యం కాదంది. 1998లో మరో తీర్పులో, బిడ్డే కాదు, వైద్యం చేయించిన తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని, వాళ్ళ మనోవేదనకు వేరే పరిహారం ఇవ్వవచ్చని చెప్పింది. 2019లో కొత్త చట్టం వచ్చాక వైద్యం దానినుంచి తొలగిపోయిందని కొందరన్నారు. తొలగిపోలేదని 2022లో సుప్రీంకోర్టులో తేలిపోయింది.

ఈ కొత్త చట్టం ప్రకారం ఏ కమిషన్‌కు వెళ్ళాలన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. అది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే. మన కాన్పు బిల్లులన్నీ ఆ లోపలివే. కట్టినది 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. ఆసుపత్రి ఎక్కడున్నా మనం కాపురమున్న జిల్లాలోనే వేయవచ్చు. గడువు మాత్రం 2 ఏళ్ళు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోరాదు. నాలుగైదు నెలలకు మెడ నిలపకపోతేనో, తొమ్మిది నెలలకు కూర్చోకపోతేనో అనుమానం పుడుతుంది. అప్పటికే కొంత కాలం గడిచిపోయి ఉంటుంది. "బిడ్డ పెద్దవాడయ్యాక చూద్దాం" అనేవారి మాట వినవద్దు.

ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు ఒక హైదరాబాదు కేసులో చెప్పింది. అది మలేరియాను టైఫాయిడని చికిత్స చేసిన కేసు. కాన్పు కేసులు అంత తేలిక కావు. కాగితాలు చూసి "ఇక్కడ ఆలస్యమైంది" అని రాసిచ్చే మరో డాక్టరు అభిప్రాయం సంపాదించుకోవడమే మంచిది.

మూడవది, ప్రభుత్వ ఆసుపత్రి. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోటు వినియోగదారుల చట్టంలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోటైతే, ఉచితంగా చేయించుకున్నవారూ వెళ్ళవచ్చు. ఆ దారి లేనప్పుడు సివిల్ కోర్టు ఉంది, నిర్లక్ష్యం కంటికి కనబడేదైతే హైకోర్టు ఉంది. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయ్యాక కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేసి, కడుపులో గుడ్డ మరిచిపోతే ఆ తల్లి చనిపోయింది. ఆమె కుటుంబానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఉచితంగా చేశారు కాబట్టి అడిగే హక్కు లేదన్నది మన అపోహ.

నాలుగవది మెడికల్ కౌన్సిల్. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి ఉన్నాయి. తప్పు రుజువైతే డాక్టరును హెచ్చరించవచ్చు, కొంతకాలం పేరు తీసివేయవచ్చు. పరిహారం ఇప్పించదు.

అయిదవది పోలీసు. కోపంలో అందరూ ముందు వెళ్ళేది అక్కడికే. 2005లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఘోరమైన నిర్లక్ష్యమైతేనే డాక్టరుమీద క్రిమినల్ కేసు నిలుస్తుంది, పోలీసులు ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. బిడ్డ జీవితాంతం ఖర్చుకు ఆ దారిలో డబ్బు రాదు. ఇక ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం మహా పొరపాటు. దానికి మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టముంది. న్యాయం అడగవలసినవాడు ముద్దాయి అయి కూర్చుంటాడు.

ఆసుపత్రివారు రాజీకి పిలిస్తే వెళ్ళండి, తప్పులేదు. కానీ "ఇక మాకే హక్కూ లేదు" అన్న కాగితంమీద వకీలుకు చూపించకుండా సంతకం చేయవద్దు, వేలిముద్ర వేయవద్దు. దావా నడుస్తున్నప్పుడు మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతే కావాలి.

వకీలుకు డబ్బెక్కడిదంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు. ఆ అర్జీలో తల్లి పేరు, బిడ్డ పేరు ముందు రాయండి.

కేసు గెలిచేదాకా బిడ్డ ఆగడు. సెరిబ్రల్ పాల్సీ 2016 చట్టంలోని 21 వైకల్యాలలో ఒకటి. సదరం శిబిరంలో సర్టిఫికెట్టు, కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు తీసుకోండి. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయలదాకా. వ్యాయామం చేయించడం మాత్రం మొదటి నెలలనుంచే మొదలుపెట్టాలి. వీటికి ఎవరి తప్పూ రుజువు చేయనక్కర్లేదు.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. మన ఆఫీసులో ఒక రిజిస్టరు పెడదాం. ఏ ఇంట్లో కాన్పులో తేడా జరిగిందని తెలిసినా వారం లోపల ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్ళాలి. ముందు తల్లి ఆరోగ్యం అడగాలి. తర్వాత రికార్డుల అర్జీ రాసి, నకలు మన బీరువాలో దాచాలి. కేసు వేస్తారో మానతారో ఆ కుటుంబం ఇష్టం. అర్జీలు రాసే పని మాకప్పగించండి. ఈసారి ఎవరినీ టీ తాగించి వెనక్కి పంపం.

ఆ పిల్లవాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. మా బడి రిజిస్టరులో పేరుంది. వారానికి రెండుసార్లు మా టీచరు ఒకరు ఇంటికి వెళ్ళి చెప్తారు. అలీఫ్, బే కార్డులు ముందు పెడితే కళ్ళతో సరైనది చూపిస్తాడు. వాడికి చట్టం ఇవ్వవలసినది మనం ఇప్పించలేకపోయాం. రాబోయే పిల్లల విషయంలోనైనా అలా జరగకూడదని కోరుకుంటున్నాం.