బాలాలయంలో వెలిగిన దీపం
(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



నిర్వాహకులు నాకు నిర్దేశించిన విషయం "నిత్యజీవితంలో సంతృప్తి". శుభకార్య వేదికపై సులభంగా మాట్లాడదగిన విషయంగానే కనిపిస్తుంది. అయితే ఈ సభలో ఆప్తులను పోగొట్టుకొనని కుటుంబం ఎంత వెదకినా దొరకదు. కన్నబిడ్డను సాగనంపిన తల్లి ఎదుట నిలిచి "సంతృప్తిగా ఉండవమ్మా" అని చెప్పుటకు ఎంతటి పండితునికైనా నోరు ఎట్లా వస్తుంది? కనుక ముందుగా దుఃఖాన్ని గురించే మాట్లాడుకొందాము.

2020, 2021 సంవత్సరాలలో కరోనా మహమ్మారి ప్రబలినపుడు మృత్యువుకు తోడు మరొక బాధ వచ్చి చేరినది. ఎన్నో ఇండ్లలో పాడె మోయుటకు నలుగురు రాలేదు. పరామర్శకు బంధువు గడప తొక్కలేదు. పదవరోజు ధర్మోదకాలు విడుచుటకు దాయాదులు కూడలేదు. కర్మకాండ కేవలం పోయినవారి కొరకే అనుకొనేవారికి, అది మిగిలినవారికి కూడా ఎంత ఊతమో ఆనాడు తెలిసివచ్చినది. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. ఆ నీరు పెన్నలో కలిసి సోమశిలకు వచ్చి పడినది. జలాశయం దిగువనున్న సోమేశ్వరాలయం ఆ వరద తాకిడికి దెబ్బతిన్నది.

అటుపిమ్మట మూడు నెలలకే, 2022 ఫిబ్రవరి 21వ తేదీ ఉదయం, ఆత్మకూరు శాసనసభ్యులు, రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాదులో గుండెపోటుతో మరణించారన్న వార్త వచ్చినది. వయస్సు ఏబది సంవత్సరాలు. 23వ తేదీన ఉదయగిరిలో, వారి కుటుంబం నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల ఆవరణలో అంత్యక్రియలు జరిగినవి. రాజకీయ అభిమానాలు ఎవరివి వారివి. ఆ ప్రసంగం ఈ వేదికకు చెందదు. తల్లిదండ్రులు జీవించి ఉండగా కుమారుడు వెళ్ళిపోవుట ఏ ఇంటనైనా ఒకటే. అదే సంవత్సరం సెప్టెంబరు 6న సంగం వద్ద పెన్నపై నిర్మించిన బ్యారేజీ ఆయన పేరుతో ప్రారంభమైనది. పేరు పెట్టినంత మాత్రాన ఆ ఇంటి వెలితి తీరదు. అయినను ఆ నీటితో నారు పోసుకొనే రైతు మడి గట్టున నిలిచి దుఃఖిస్తూ కూర్చుండడు. మడవ తిప్పి నీరు పెట్టుకొంటాడు. ఆ పని దుఃఖానికి అగౌరవం అని ఎవరూ అనలేరు.

మన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా ఉండి, విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజిని ఈ సందర్భంలో తలచుకోవాలి. భారతంలో యుద్ధం ముగిసిన తరువాత స్త్రీపర్వం వస్తుంది. తల్లులు, భార్యలు రణభూమికి వచ్చి తమవారి శవాలను గుర్తించి విలపిస్తారు. ఆ విలాపం అంతా జరిగిన తరువాతనే శాంతిపర్వం. వ్యాసభగవానుడు ఈ క్రమాన్ని తారుమారు చేయలేదు, తిక్కన కుదించి దాటవేయలేదు. దుఃఖితుని చేత కన్నీరు పెట్టనీయక, వెంటనే వేదాంతం వినిపించే బంధువులు మనలో చాలామంది ఉన్నారు. వారు శాంతిపర్వాన్ని ముందుగా చదివించబోతున్నారన్నమాట!

అయితే పెద్దలు దుఃఖానికి ఒక హద్దు కూడా ఏర్పరచినారు. ఆశౌచం ముగిసిన పిమ్మట పదమూడవ రోజున మన ఇండ్లలో శుభస్వీకారం జరుపుతారు. బంధువులు కొత్త వస్త్రాలు తెచ్చి కట్టబెట్టి, దేవాలయానికి తీసికొని వెళ్ళి, దీపం చూపించి, పక్కన కూర్చుండబెట్టుకొని భోజనం పెడతారు. ఆ పేరును గమనించండి. శుభం తనంతట తాను వచ్చునని అందులో లేదు, స్వీకరించవలెనని ఉన్నది. ఆనాటికి దుఃఖం తీరి ఉండదు. తీరలేదని తెలిసియే ఆ విస్తరి వేస్తారు.

పతంజలి మహర్షి యోగశాస్త్రంలో అయిదు నియమాలు చెప్పినారు: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. మన వాడుక భాషలో సంతోషమంటే ఆనందం, నవ్వు, పండుగ. ఋషి చెప్పిన సంతోషం సంతుష్టి. దానిని ఆయన శౌచం పక్కన ఉంచినారు. ఈరోజు మనసు బాగాలేదు కనుక స్నానం మానెదనని ఎవరంటారు? సంతుష్టి కూడా అట్టి దినచర్యయే. గీత పన్నెండవ అధ్యాయంలో భగవానుడు భక్తుని లక్షణాలలో సంతుష్టిని చేర్చుతూ, అది ఎల్లప్పుడూ ఉండవలెనన్నాడు. పండుగనాటి ఆనందం ఎల్లప్పుడూ ఉండుట మానవమాత్రునికి అసాధ్యం. నియమం మాత్రం ఉండగలదు.

దీనికి ఈ ఆలయంలోనే ఒక నిదర్శనం మీరందరూ చూచి ఉన్నారు. జీర్ణోద్ధరణకు పూనుకొన్నపుడు గర్భాలయంలోని మూర్తి నుండి దైవశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోనికి ఆకర్షిస్తారు. దానిని కళాకర్షణ అంటారు. పక్కనే చిన్న బాలాలయం ఏర్పరచి, పని ముగిసేదాకా అక్కడే అర్చన జరుపుతారు. ఇక్కడ కప్పురాళ్ళు దింపినారు, గోడలు విప్పినారు, ప్రాకారమంతా ధూళి నిండినది. ఆ రోజులన్నిటిలోను రేకుల పందిరి కింద రెండు పూటలా దీపం వెలిగినది, నైవేద్యం జరిగినది. చిన్న గిన్నెడు నైవేద్యమే. స్వామికి అది చాలదని ఆగమం చెప్పలేదు. తిరుమలలో 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరిగినపుడు కూడా ఇదే విధానం. లక్క, గుగ్గిలం, మైనం మొదలైన ఎనిమిది ద్రవ్యాలను కలిపి దంచి, మూర్తిని పీఠంతో బంధించే ఆ అష్టబంధనం కాలక్రమంలో ఎండి బీటలు తీస్తుంది. అందుకే పన్నెండేళ్ళకు ఒకమారు పునరుద్ధరణ. దేవుని పీఠమే సడలుతుందని శాస్త్రం ముందుగానే ఒప్పుకొన్నపుడు, మన గుండె సడలినదని సిగ్గుపడనక్కరలేదు. దుఃఖం వచ్చిన ఇల్లు జీర్ణోద్ధరణలో ఉన్న గుడి వంటిది. అక్కడ బ్రహ్మోత్సవం జరుపుమని ఎవరూ అడుగరు. ఒక ముంత నీరు తులసికి పోయుట, పొయ్యి వెలిగించుట, పశువుకు మేత వేయుట, పిల్లవానిని బడికి పంపుట: బాలాలయ నైవేద్యం ఇంతే.

ఇక వార్తల సంగతి. తెల్లవారకముందే చేతిలోని ఫోను లోకంలోని ఆపదలన్నిటిని వరుసగా చూపిస్తున్నది. సోమశిల గేట్లు ఎత్తినారన్న కబురు పెన్న ఒడ్డున ఉన్నవానికి ప్రాణరక్ష. విని లేచి పిల్లలను, గొడ్లను మెరకకు చేర్చాలి. లేచి చేయదగిన పని ఉన్న వార్తను వినాలి. చేయదగినది ఏమీ లేని వార్తను పదిమార్లు చూచుట వలన బాధితునికి ఒక్క మెతుకు కూడా అందదు. మన పూజ, మన నిద్ర మాత్రం పోతాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సంతుష్టి అంటే అడగవలసినది అడగకుండుట కాదు. పెన్న ఇంత చేరువలో పారుతుండగా మెట్ట గ్రామాలు గుక్కెడు మంచినీటికి ఎదురుచూచుటను తృప్తి పేరుతో సమర్థించరాదు. ఉదయగిరి కొండ కింద నర్ది, బిక్కి కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలు ఉన్నవి. వారి కొయ్య పనికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించినది. కర్ర కోసం, కూలి కోసం వారు పోరాడుతూనే ఉన్నారు. చెక్కిన గరిటెను మాత్రం నునుపు తేలేదాకా వదలరు. రెండూ ఒకే చేతి పనులు.

ఈ దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి జయించి, ఇక్కడి బాలకృష్ణమూర్తిని విజయనగరానికి తీసికొనిపోయి 1515లో ప్రతిష్ఠించినారు. ఆ మూర్తి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. శాసనాలు రాజు విజయాన్నే చెప్పినవి. మూర్తి తరలిన మరునాడు ఈ ఊరివారు ఎవరికి నైవేద్యం పెట్టినారో చెప్పలేదు. ఎవరికో ఒకరికి పెట్టియే ఉంటారు. లేకున్న ఇన్ని గుడులు ఇక్కడ ఎట్లా నిలిచి ఉండేవి?

మండపం గోడపై దాతల ఫలకాలు మీరు చూచినారు. అనేక పేర్లకు ముందు "కీర్తిశేషులు" అని ఉన్నది. తండ్రి జ్ఞాపకార్థం ఒక స్తంభం, భార్య జ్ఞాపకార్థం గంట, చిన్నవయస్సులో పోయిన కుమారుని జ్ఞాపకార్థం నిత్యదీపానికి నూనె. ఆ నూనె ఈ సాయంకాలం నుండి గర్భాలయంలో వెలుగుతుంది. బాలాలయంలోని దీపాన్ని అర్చకస్వాములు ఇప్పుడు లోనికి తీసికొని వెళ్తున్నారు. పూర్ణాహుతికి మేళం మొదలైనది. అందరూ దయచేసి యాగశాల వద్దకు రండి.

స్వస్తి.