బిలస్వర్గం ఎముకలు, జ్వాలాపురం బూడిద

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లక్ష ఏళ్ళ క్రితం మన సీమ ఎలా ఉండేది? అప్పటి మనుషులు ఏ జంతువుల నడుమ బతికారు? జవాబు కోసం హిందూపురం నుంచి ఎంతో దూరం పోనక్కరలేదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం సున్నపురాతి గుహలున్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టి జంతువుల ఎముకలు వెలికితీశారు. వాటిలో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి. లిడెక్కర్ అనే పండితుడు 1886లో దానికి మన కర్నూలు పేరే పెట్టాడు!

ఎముకను బట్టి పరిసరాన్ని పోల్చవచ్చు. కోతి ఉంటే చెట్లున్నట్టు, ఖడ్గమృగం ఉంటే గడ్డీ నీరూ ఉన్నట్టు. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలైనవారు ఈ గుహలను మళ్ళీ పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళుగా మన ఉపఖండంలో నిలిచే ఉన్నాయట. అడవి, పచ్చిక, నీటిపట్టు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒకచోట కరువొస్తే మరోచోటికి తప్పుకుని బతికాయని వారి అభిప్రాయం.

ఇక బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. కొన్నిచోట్ల అది నిలువెత్తుకు మించి ఉంది. ఆ పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో వెల్లడించారు. వాటిని చేసింది మనబోటి మనుషులా, అంతకు ముందువారా అన్నది పండితుల్లో ఇంకా తేలలేదు. మట్టిలోని కార్బన్‌ను పరీక్షించి చెట్లు ఎక్కువా, గడ్డి ఎక్కువా అని కూడా చెబుతున్నారు.

విచారకరమైన సంగతి ఒకటుంది. ఈ బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు. మనమంతా ఫైళ్ళతో జీవితం గడిపినవాళ్ళం. ఫైల్లో కాగితాల వరుస చెదిరితే ఏది ముందో ఏది వెనకో ఎవరు చెప్పగలరు? నేల పొరలూ అంతే. పైగా దానికి నకలు ప్రతి లేదు.

అందుకే నాదొక మనవి. యాగంటి యాత్రకు వెళ్ళినప్పుడు మనవళ్ళకూ మనవరాళ్ళకూ జ్వాలాపురం చూపించండి. రాతి పనిముట్టు కనబడితే ఇంటికి తేవద్దని చెప్పండి. అది ఉన్నచోట ఉంటేనే సాక్ష్యం. అలమారలో పెడితే వట్టి రాయి.