కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, మరి శిక్షణ?

(బిలాస్‌పూర్‌లో మాజీ సైనికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. ఇంటర్ పాసై క్లర్కు ట్రేడులో సైన్యంలో చేరాను. టైపు మిషను, సైక్లోస్టైల్ స్టెన్సిల్‌తో మొదలుపెట్టి, సుబేదారుగా రిటైరయ్యేనాటికి కంప్యూటరు ముందుకు వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఈ ఊళ్ళోనే నాలుగైదు చిన్న ఆఫీసుల జీతాల లెక్కలు చూస్తున్నాను. అందుకే ఈ విషయం నాకు అప్పగించారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్ళు ఇక్కడ ఉన్నారు. 2003 ఏప్రిల్ 1 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమయింది. బొగ్గు గనుల సంస్థ ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే. వీటిని ఆనుకుని మన మాజీ సైనికులు సెక్యూరిటీ ఏజెన్సీలు, బొగ్గు రవాణా కంపెనీలు పెట్టుకున్నారు. బుధవారీ బజారులో దుకాణాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరి దగ్గరా ఒక కంప్యూటరు, అందులో ఒక ఎక్సెల్ ఫైలు ఉంటాయి. ఆ ఫైలు చెడితే జీతాలు ఆగుతాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి, ఆఫీస్ 2016కి, ఆఫీస్ 2019కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. మిషను ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా బయటపడే కన్నాలకు మరమ్మతులు రావు. సంతరీ లేని గేటన్నమాట. బ్యాంకు పని చేసే మిషను అలా వదిలెయ్యకూడదు కాబట్టి చాలామంది మార్చారు, మంచిదే. అయితే షాపువాడు కొత్తది బిగించి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత దాని ముందు కూర్చునేవాడికి ఎవరు నేర్పుతారు?

1990లలో ఎస్ఎల్ఆర్ పోయి ఇన్సాస్ వచ్చినప్పుడు, రైఫిలు చేతికిచ్చి పోస్టుకి పొమ్మన్నారా? విప్పడం, బిగించడం, ఫైరింగ్, అన్నీ నేర్పాకే పంపారు. ఆఫీసులో మాత్రం ఆ పద్ధతి మనకు గుర్తుకురాదు.

ఒక ఏజెన్సీలో జరిగింది చెప్తాను, పేరు అక్కర్లేదు. కొత్త కంప్యూటరు వచ్చిన నెలలోనే పాత ఆపరేటరు మానేశాడు. కొత్త కుర్రాడు జీతాల సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచాడు, సేవ్ చేశాడు, బ్యాంకుకు పంపాడు. పదహారు అంకెల ఖాతాలున్న గార్డులకు చివరి అంకె సున్నాగా మారిపోయింది. సున్నాతో మొదలయ్యే ఖాతాలకు ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. డబ్బు తిరిగొచ్చి, మళ్ళీ పంపేసరికి రోజులు పట్టింది. అందులో ఒకాయన మా శ్రీకాకుళం వాడే. కూతురి కాలేజీ ఫీజుకి గడువు ఆ వారమేనట. పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చి, "నా జీతం ఏటైపోయింది సాబ్?" అన్నాడు. ఆ మనిషికి ఏమని చెప్పాలి? ఇంకా నయం, తిరిగొచ్చింది. బ్యాంకులు జమ చేసేది ఖాతా నంబరు చూసి. ఆ నంబరు మీద ఇంకెవరైనా ఉంటే అటే పోయేది.

కారణం చిన్నది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా పదిహేను అంకెలే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలు చేసేస్తుంది. ఖాతా నంబరు పేరుకే నంబరు. దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు. అది మనిషి పేరులాంటిది. కాబట్టి ఆ కాలమ్‌ని ముందే 'టెక్స్ట్'గా మార్చి, తర్వాత టైపు చెయ్యాలి. ఆధార్, పీఎఫ్ యూఏఎన్, ఫోను నంబరు, అన్నిటికీ ఇదే పద్ధతి. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చెయ్యొద్దు. డేటా మెనూలోంచి తెచ్చుకుని ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పాలి. ఒకసారి సున్నా అయ్యి సేవ్ అయిందంటే ఆ ఫైల్లో అసలు అంకె ఇక దొరకదు, పాస్‌బుక్ చూడాల్సిందే.

ఇది చిన్న ఊరి సమస్య అనుకోకండి. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ కరోనా లెక్కలను పాత ఎక్స్ఎల్ఎస్ రకం ఫైల్లో పెట్టింది. దాంట్లో 65,536 వరసలే పడతాయి. మిగిలినవి జారిపోయి 15,841 కేసులు లెక్కకి రాలేదు. 2007 నుంచి వచ్చిన ఎక్స్ఎల్ఎస్ఎక్స్ రకంలో 10,48,576 వరసలు పడతాయి. మీ దగ్గర పాతరకం ఫైళ్ళుంటే మార్చి సేవ్ చెయ్యండి, పాతదాని నకలు కూడా ఉంచండి.

పేర్ల కాలమ్ ఒక్కటే పట్టుకుని అకారాది క్రమంలో పెట్టేవాళ్ళున్నారు. అప్పుడు పేర్లు కదులుతాయి, ఖాతాలు కదలవు. అప్పారావు జీతం సింహాచలానికి పోతుంది. ఎక్సెల్ పక్క కాలమ్‌లను కూడా కలపనా అని అడుగుతుంది. చదవకుండా నొక్కడమే మనవాళ్ళ జబ్బు.

వీలుకప్‌లో చివర 'ఫాల్స్' రాయకపోతే దగ్గరగా ఉన్నది తెచ్చి పెట్టేస్తుంది. కొత్త ఎక్స్‌లుకప్‌లో ఆ బాధ లేదు. కానీ ఆఫీస్‌లో అది 2021 నుంచి వచ్చినవాటిలో, 365లో మాత్రమే ఉంది. అవతలివాడి దగ్గర 2019 ఉంటే పనిచెయ్యదు, అడిగి పంపండి.

దుకాణదారులకు ఒక మాట. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ప్రతి వరసలో 12 శాతం అని సూత్రంలోనే రాసుకున్నవాళ్ళు వందల గడులు దిద్దుకున్నారు. రేటుని పక్కన ఒకే గడిలో పెట్టి, ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తుతో దాన్ని చూపించినవాళ్ళు ఒక్కచోట మార్చి టీ తాగడానికి వెళ్ళారు.

డబ్బు లేదని దొంగ కాపీ వేయించుకోవద్దు. లిబ్రేఆఫీస్ ఉచితం, మన చిన్న లెక్కలకి సరిపోతుంది. ఇక సంఘం పాత సభ్యుల జాబితాలు అను ఫాంట్లలో ఉన్నాయి. కొత్త మిషనులో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఫాంటున్న పాత మిషను పారేసేలోపు వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. మన పిల్లలు హిందీ మీడియం వాళ్ళు, సరిగ్గా ఉన్న తెలుగే కష్టంగా చదువుతున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో క్లాసు పెడుతున్నాం, రుసుము లేదు. ఏజెన్సీల వాళ్ళు యజమానులు రాకపోయినా ఫరవాలేదు, కీబోర్డు మీద చెయ్యి వేసే మనిషిని పంపండి. అసలు జీతాల ఫైలు తేవద్దు, నకలులో పేర్లు, నంబర్లు మార్చి తెండి. జై హింద్.