బీడీ, మందు, మన నెత్తురు

(బత్తలపల్లెలో జరిగిన రైతుసంఘం గ్రామసభలో ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం)



శెనక్కాయ ఎండిపోయిన ఏట బీమా గురించి, అప్పుల గురించి మాట్లాడాల గానీ ఈ బీడీల గోలేంది అని కొందరికి అనిపించొచ్చు. నేను ముప్పై ఏండ్లు నెత్తురు పరీక్షలు చేసినవాణ్ణి, అంతకంటే ఎక్కువ ఏండ్లు బీడీ తాగినవాణ్ణి. కాబట్టి నీతులు చెప్పను.

పేనుబంక పడితే మన పెద్దోళ్లు పొగాకు కాచి ఆ కషాయం కొట్టేవాళ్లు. దాంట్లో పురుగును చంపేది నికోటిన్. ఇప్పుడు మనం కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కూడా పురుగు నరాల్లో నికోటిన్ పట్టుకునే చోటే పట్టుకుంటుంది. అదే నికోటిన్ ఒక్క దమ్ము లాగితే పది ఇరవై సెకండ్లలో మన మెదడుకు చేరి డోపమైన్‌ను ఊరిస్తుంది. ఆ హాయి అదే. అయితే రెండు గంటలకే నెత్తురులో నికోటిన్ సగానికి పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది. గట్టుమీద కూర్చుని ఇంకొకటి ముట్టించి, బీడీ ఓపికిచ్చిందనుకుంటాం. చిరాకు పెట్టిందీ అదే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. డెంగీ వచ్చినప్పుడు పడిపోయినాయని భయపడతామే, ఆ ప్లేట్‌లెట్లలో మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మెదడులోనూ ఉంటుంది, అక్కడ డోపమైన్‌ను కరగదీసే పని దానిది. తాగుడుకు బానిసైనవాళ్ల ప్లేట్‌లెట్లలో ఇది తక్కువుందని చూసి, పుట్టుకతో వచ్చే గుర్తేమో అని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు అనుకున్నారు. తర్వాత తెలిసింది: తాగేవాళ్లలో చానామంది పొగ కూడా తాగుతారు, ఎంజైమును ముఖ్యంగా తగ్గించింది ఆ పొగే. 1996లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోవన్నా ఫౌలర్ బృందం స్కానులు తీసి, పొగ తాగేవాళ్ల మెదడులో ఈ ఎంజైమ్‌లో ‘బి’ రకం సుమారు 40 శాతం తక్కువని చూపించింది. ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగలోని వేరే పదార్థాలది. మోటారు ఒక పక్క నీళ్లు తోడుతుంటే ఇంకో పక్క మడవ కట్టినట్టు. పొగ మానేస్తే ఎంజైమ్ మళ్లీ పెరుగుతుంది. ‘వాని రక్తమే అంత’ అని ఒకణ్ణి తీసిపారేసే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

మందు సంగతి వేరు. రోజూ తాగితే నెత్తురులో జీజీటీ అనే కాలేయపు ఎంజైమ్ పెరుగుతుంది, మానితే కొన్ని వారాల్లో దిగొస్తుంది. వేరే జబ్బుల్లోనూ పెరుగుతుంది కాబట్టి కాగితం చూసి ఎవరినీ తాగుబోతు అనొద్దు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకుని వచ్చింది మా చిన్నాయన గురించి. ఇరవై ఏండ్లు పొద్దున లేస్తానే తాగినాయన. ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేసినాడు. అందరం సంతోషపడినాం. రెండోనాడు మూర్ఛ వచ్చింది. మూడోనాడు గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు. మైల తగిలిందని కొందరు, గాలి సోకిందని కొందరు. సగం రోజు పోయినాక గానీ ఆసుపత్రికి ఎత్తుకుపోలేదు. నెత్తురు పరీక్షలు చేసే నేనూ గాలే అనుకున్నా, చూడండి.

జరిగిందేమంటే, మందు మెదడును అణుస్తుంది. ఏండ్ల తరబడి మెదడు దానికి ఎదురు నెట్టడం నేర్చుకుంటుంది. తలుపును ఒకడు అటు, ఒకడు ఇటు నెడుతుంటే, అవతలివాడు ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంటే ఇవతలివాడు బోర్లా పడతాడే, అట్లా. మానిన మొదటి రెండు రోజుల్లో మూర్ఛ, నాలుగో రోజులోపల మతి తప్పడం రావచ్చు. చూసుకోకుంటే ప్రాణం పోతుంది. డాక్టరు మందులిచ్చి, బి1 విటమిన్ సూదులేసి మెల్లగా దింపుతాడు.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై లేచినారు, 1993లో సారా పోయింది. 1995లో పూర్తి నిషేధం పెట్టినారు, 1997లో సడలించినారు. అంగడి మూసినోళ్లు గానీ తెరిచినోళ్లు గానీ ఈ మూడోనాటి సంగతి ఇంటి ఆడవాళ్లకు చెప్పలేదు.

రోజూ గట్టిగా తాగేవాళ్లు మాల వేసుకునే ముందే డాక్టరును కలవండి. తాగుడు మాన్పించడానికి 14446, పొగాకుకు 1800-11-2356, రెండూ ఉచితం. సంఘం గోడమీద రాయించమని కార్యదర్శిని అడుగుతున్నా. ఇంక అడిగేవాళ్లు అడగండి. అక్కలు ముందు.