పొలమున చుట్టకు, చిలుముకు నిప్పంటించుకొను క్షేమమార్గము
(రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషను వఱకు చదివి, రెవెన్యూశాఖలో తర్జుమాదారుగా చేరి, రైతుల అర్జీలను ఒక భాషనుండి మఱియొక భాషలోనికి మార్చుటయే వృత్తిగా నున్నవాడను. అయినను వ్యవసాయశాఖవారు నన్నీ విషయమును గూర్చి మాటలాడుమని కోరుటకు కారణము గలదు. కళ్ళములు కాలినవనియు, గడ్డివాములు బుగ్గియైనవనియు, శిస్తు మాఫీ చేయవలసినదనియు వచ్చు అర్జీలు నా బల్లమీదుగానే పోవుచుండును. వానిలో నష్టపు లెక్కలు వేఱువేఱుగా నుండును గాని, ఒక్క వాక్యము మాత్రము అన్నిటను ఒకే తీరున నుండును: “నిప్పు ఎట్లు పుట్టెనో తెలియదు.” ఈ వాక్యము నెన్నిమారులు తర్జుమా చేసితినో నాకే లెక్క లేదు. ఆ తెలియని నిప్పులో కొంత మన నోటనున్న చుట్టనుండియు, చేతనున్న చిలుమునుండియు, మనము పాఱవైచిన అగ్గిపుల్లనుండియు పుట్టినదే యని నా నమ్మకము.

నా చిన్ననాటి మాట యొకటి మనవిచేసెదను. మా తండ్రిగారికి చిలుము అలవాటు. ఒక తాబీ కోతల కాలమున, ప్రొద్దు గ్రుంకువేళ, వరికుప్ప ప్రక్కను గూర్చుండి చిలుము పీల్చి, బూడిదను నేలపై దులిపి, చెప్పు మడమతో నొక్కి యింటికి వచ్చిరి. కళ్ళమున కావలికి మా జీతగాడు పరుండెను. నడిరేయి దాటిన పిమ్మట కుప్ప అంటుకొనెను. ఊరివారు కడవలతో పరుగెత్తి వచ్చునప్పటికి గింజ మిగులలేదు. జీతగానికి చుట్ట అలవాటు గలదు గాన తప్పు వానిదే యని పెద్దలు తీర్మానించిరి. ఆ రాత్రి తాను చుట్ట వెలిగింపనే లేదని వాడెంత మొఱపెట్టుకొన్నను విన్నవారు లేరు. వానికి రావలసిన జీతపు గింజలును ఆ కుప్పలోనే కాలిపోయినవి. మఱునాడు భార్యాబిడ్డలతో వాడు ఊరు విడిచిపోయెను. మా తండ్రిగారు పిదప చిలుము ముట్టలేదు. కారణ మడిగినవారికి చెప్పనులేదు. నేను పెద్దవాడనై, అర్జీలు చదువ మొదలిడి, సాయంకాలము వఱకు క్షేమముగా నున్న కుప్పలు నడిరేయి అంటుకొనుట పలుమారులు చూచిన పిదపగాని ఆ మౌనమునకు అర్థము నాకు బోధపడలేదు.

సాయంకాలము పడిన నిప్పు నడిరేయి వఱకు ఎట్లు నిలుచును? నివురుగప్పిన నిప్పు అను మాట మనవారు ఊరక పుట్టించినది కాదు. వరిగడ్డి, ఊక, పిడక, పత్తి మొదలగునవి మంట లేకయే లోలోపల రాజుకొనగలవు. గాలి కొంచెము కొంచెముగా మాత్రమే చొరబడు చోట నిప్పు మెల్లమెల్లగా ప్రాకుచు, కంటబడనంత పలుచని పొగ విడుచుచు, గంటలకొలది నిలుచును. అది పైకి ప్రాకి వచ్చినపుడో, గాలి తిరిగి విసరినపుడో, ప్రాణవాయువు సమృద్ధిగా దొరకును. ఆ క్షణమున మంటయై లేచును. గట్టిగా నొక్కి కట్టిన పత్తి బేళ్ళలో నిప్పు కొన్ని దినముల వఱకును దాగియుండగలదు. కావున “నేను త్రాగి చాలసేపైనది, ఇంక భయము లేదు” అను ధైర్యము పనికిరాదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన ముఖ్యాంశ మేమన, చుట్ట వెలుగుట గొప్ప కాదు. వెలిగించిన నిప్పు చచ్చినదని చేతితో ఎఱుగగలుగుటయే గొప్ప. నిప్పు తెచ్చుకొను సాధనము మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది, పని తీరగానే ఆ నిప్పు తనంతట తాను ఆఱునా? రెండవది, అది నేలపై ఏమైన విడిచిపోవునా? మూడవది, గాలిలో దానినుండి రవ్వలు లేచునా? ఇప్పుడు మనవారు వాడిన సాధనములను ఒక్కొక్కటిగా ఈ గీటురాతిపై గీచి చూతము.

అన్నిటికంటె చెడ్డది ఇంటి పొయ్యినుండి పొలమునకు తెచ్చు కొరివి, లేక రాజిన పిడక. ఇది దారిపొడవునను రవ్వలు రాల్చును. పని తీరిన పిమ్మట దానిని గట్టుమీద పడవైచి పోవుట వాడుక. మూడు ప్రశ్నలలో ఒక్కదానికిని దీనియొద్ద సరియైన జవాబు లేదు. కిళ్ళీకొట్ల ముందు వ్రేలాడగట్టు కొబ్బరిపీచు త్రాడును ఇట్టిదే. దాని నిప్పు చిన్నది గాన నమ్మకము పుట్టించును. కాని ఎంత పొడవు త్రాడున్న నంతసేపు అది చావదు. కొట్టు ముందఱ దానికి చోటు గలదేమో గాని కళ్ళమున లేదు.

తరువాతిది చెకుముకి. మన తాతలు చెకుముకిరాయి, ఉక్కుముక్క, దూది గల చిన్న సంచి మొలకు గట్టుకొని తిరిగిరి. రాతిపై ఉక్కును కొట్టగా రాలిన రవ్వ దూదిలో పడి, మంట లేకయే రాజుకొనును. గాలి దీనిని ఆర్పదు, పైగా పెంచును. అందుచేత గాలిలో చుట్ట ముట్టించుకొనుటకు ఇది అనుకూలము. కాని ఆ గుణమే దీని దోషమును. దూదిని నేలపై పాఱవైచినచో చావదు. దూదిని బిరడాగల లోహపు గొట్టములో నుంచి, పని కాగానే బిరడా బిగించినయెడల గాలి అందక ఆఱిపోవును. బిరడా లేని చెకుముకిని కళ్ళమునొద్దకు తేవలదు.

అగ్గిపుల్లలలో రెండు జాతులు గలవు. పూర్వము తెల్ల భాస్వరముతో చేసిన పుల్లలు ఎచ్చట గీచినను మండెడివి. రొంటినున్నవి ఒఱసికొని మండినను మండెడివి. ఆ భాస్వరపు పొగవలన కార్ఖానాలలోని పనివాండ్ర దవడయెముకలు కుళ్ళిపోయెడివి. 1906లో బెర్ను నగరమున పలుదేశములవారు కూడి ఆ భాస్వరమును మానుటకు ఒడంబడిక చేసికొనిరి; మన దేశమున 1913లో దానిని నిషేధించు చట్టము వచ్చినది. క్షేమపు పుల్ల అనునది స్వీడను దేశపు కల్పన. 1844లో గుస్తావ్ ఎరిక్ పాష్ అను రసాయనవేత్త దానికి హక్కు పొందగా, లుండ్‌స్ట్రాం సోదరులు దానిని మెఱుగుపఱచి వ్యాపారమునకు తెచ్చిరి. దీని రహస్యమిది: మండుటకు వలసిన ఎఱ్ఱ భాస్వరము పెట్టె ప్రక్కకు పూయబడును, పుల్ల తలకు పొటాసియము క్లోరేటు మొదలగునవి పట్టింపబడును. ఈ రెండును ఒండొంటితో ఒఱసికొనినగాని నిప్పు పుట్టుట అరుదు. కావున పొలమునకు తీసికొనిపోవు పెట్టె ఈ జాతిదే కావలెను. దానిని చెమట తగులు రొంటిలో గాక మూతగల చిన్న రేకుడబ్బాలో నుంచుకొనుడు.

అయినను పేరులోని క్షేమము గీచుటకు ముందే. గీచిన పిమ్మట అది తక్కిన పుల్లలవంటిదే. ఆఱిన పుల్ల కొసన ఎఱ్ఱని నిప్పు కొంతసేపు నిలుచును. దీనికొక మంచి పరీక్ష కలదు. ఊది ఆర్పిన పుల్లను కాలిన చోటనే వ్రేళ్ళతో పట్టుకొని విఱువుడు. వ్రేలు కాలక విఱువగలిగితిరా, నిప్పు చచ్చినది. విఱువలేకపోతిరా, ఇంకను బ్రదికియున్నది. విఱిచిన ముక్కలను నేల పాఱవేయక మరల డబ్బాలోనే వేసికొనుడు. విఱువని పుల్లను విడువరాదు: ఈ ఒక్క నియమము మీరు ఇంటికి తీసికొనిపోయినయెడల నా ఉపన్యాసము సార్థకము.

ఇక లైటర్లు. పెట్రోలుతో తడిసిన వత్తి గలది గాలికి నిలుచును. అదియే దాని అపాయమును. మూత తెఱచి వెలిగించిన పిదప చేయి జాఱి గడ్డిలో పడెనా, మూత పడువఱకు మండుచునే యుండును. దానిలో పెట్రోలు పోయుట ఇంటివద్ద, పగటియందు, నిప్పుకు దూరముగా జరుగవలెను. చేతులకును బట్టలకును అంటినది పూర్తిగా ఆఱినదాక వెలిగింపరాదు. వ్రేలితో నొక్కియుంచినంతసేపు మాత్రమే మండు గ్యాసు లైటరు నా గీటురాతికి బాగుగా నిలుచుచున్నది: వ్రేలు తీయగానే ఆఱును, రవ్వలు దాదాపు లేవు, నేలపై ఏమియు మిగులదు. కాని దానిలోనిది ఒత్తిడిచేత ద్రవమైన బ్యూటేను. 50 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిమి తగులనీయరాదని తయారుచేయువారే హెచ్చరింతురు. వైశాఖపు టెండలో బండమీదను, ట్రాక్టరు ఇంజనుమీదను పెట్టి మఱచినచో పగులవచ్చును. నీడన ఉంచుకొనుడు, పిల్లల కందనీయకుడు.

కావున నా తీర్మానము: గ్యాసు లైటరు మొదటిది, డబ్బాలోని క్షేమపు పుల్ల రెండవది, బిరడాగల చెకుముకి మూడవది, కొరివియు, త్రాడును పొలిమేర దాటరానివి.

సాధన మెంత మంచిదైనను స్థలము చెడ్డదైన ప్రయోజనము లేదు. కుప్ప, వామి, పత్తి, పాకకప్పు, పెట్రోలు లేక కిరసనాయిలు ఉన్నచోట ఏ సాధనముతోను వెలిగింపరాదు. గడ్డి చెక్కి, నీరు చల్లిన బట్టబయలు స్థలమొకటి ముందుగానే ఏర్పఱపుడు. అది వామికి దిగువగాలి వైపున నుండవలెను. అనగా గాలి వామిమీదుగా మన వైపునకు రావలెను గాని, మన మీదుగా వామికి పోరాదు. వెలిగించువాడు గాలికి వీపు పెట్టి కూర్చుండి, దోసిలి చాటు చేసి, పుల్లను తనకు ఎదురుగా గాక ఆవలికి గీచి, మొదటి భుగభుగ తగ్గిన పిదప పొగాకునకు చూపవలెను. నడుచుచును, బండి తోలుచును వెలిగింపరాదు. పొగగొట్టము త్రాగువారు పొగాకును మెత్తగా దట్టించి, చిల్లులుగల రేకుమూత వేసికొన్నచో గాలికి రవ్వలు లేవవు. చిలుముకును అట్టి మూత చేయించుకొనవచ్చును. నిప్పుకణిక పెట్టక తప్పని చిలుము మాత్రము ఇంటియొద్దనే యుంచుడు.

త్రాగిన పిమ్మటి పని వెలిగించుటకంటె ముఖ్యము. మా తండ్రిగారు మడమతో నొక్కిరని చెప్పితిని. మడమ నిప్పును చంపదు, పొడిచేసి చెదరగొట్టును. ఆ స్థలమున ఇసుకయు నీరును సగముగా పోసిన పాత కుండ యొకటి పాతిపెట్టుడు. బూడిదయు, చుట్టపీకయు అందులోనే పడవలెను. లేచిపోవు ముందు దానిపై ఒక దోసెడు నీరు పోసి, పుల్లతో కలిపి, పొగ లేదని చూచి పొండు. ఈ కుండకు మీకగు ఖర్చు దాదాపు లేదు.

ఇచ్చట పట్టాదారులతో ప్రత్యేకముగా ఒక మాట. కూలీలను, జీతగాండ్రను “కళ్ళమున చుట్ట త్రాగకుడు” అని గద్దించుట సులువు. వారికి వేఱుచోటు చూపక గద్దించినచో వారు వామి చాటుననే త్రాగుదురు. అదియే అన్నిటికంటె అపాయము. యజమానియే ముందు ఆ కుండయొద్దకు నడచిపోయి చూపవలెను. తాను కుప్ప ప్రక్కను కూర్చుండి త్రాగుచు ఇతరులకు నియమము చెప్పువాని మాట నిలువదు.

జాగ్రత్తపడినను నిప్పు లేచినచో, తడిపిన గోనెలతోను, పచ్చికొమ్మలతోను అంచులనుండి కొట్టుడు, మన్ను చల్లుడు. పెట్రోలు మంటపై నీరు పోయకుడు, మన్ను కప్పుడు. బట్ట లంటుకొన్నవాడు పరుగెత్తరాదు. నేల పడి పొర్లవలెను. కాలినచోట చల్లని మంచినీరు ఇరువది నిమిషములు పోయుడు. నెయ్యి, సిరా, పేడ పూయక వైద్యునియొద్దకు చేర్చుడు.

ఇంతయు విన్నవారు “త్రాగుటయే మానినచో ఈ బెడదయంతయు ఉండదు కదా” యని యనవచ్చును. అది నిజము. పొగాకు నోటను, గొంతునను, ఊపిరితిత్తులయందును రాచపుండు పుట్టించునని వైద్యులు నిశ్చయించిరి. ఉత్తరాంధ్రమున కొందఱు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డచుట్ట త్రాగు వాడుక గలదు. ఆ నిప్పు నేలబడదు, నిజమే. కాని అంగిటిని కాల్చి రాచపుండు తెచ్చును. మానగలిగినవారు మానుడు. మానలేనివారు తమ నిప్పు తమయొద్దనే చచ్చునట్లు చూచుకొనుడు.

మా జీతగాడు ఊరు విడిచినపుడు వాని మొఱను అర్జీగా వ్రాసినవారు లేరు. వ్రాసియుండిన, ఏ తర్జుమాదారు బల్లమీదికైనను వచ్చియుండెడిది. ఇకముందు మన కళ్ళములలో “నిప్పు ఎట్లు పుట్టెనో తెలియదు” అను వాక్యము వ్రాయు నవసరము కలుగకుండుగాక. ఆ వాక్యము క్రింద నిరపరాధి యొకడు నలుగకుండుగాక.