ఉద్యోగంలో చేరేలోగా ఒక పని



కంప్యూటర్ సైన్సు పట్టభద్రులారా! ఈ వేదిక మీద పెద్ద మాటలు చెప్పడం ఆనవాయితీ. నేను ఒక చిన్న పని అప్పగించి వెళ్తాను. ఉద్యోగంలో చేరేలోగా మీ సొంత ల్యాప్‌టాప్‌లో కాఫ్కా పెట్టుకోండి. ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లను దాచి అందించే సిస్టమ్ అది.

చేరిన చోట అది ఎలాగూ నడుస్తూ ఉంటుంది. మీ చేతికి ఒక అడ్రస్, ఒక పాస్‌వర్డ్ ఇస్తారు. మెసేజ్ పంపిస్తే వెళ్తుంది. వెళ్లి ఎక్కడ కూర్చుందో మాత్రం ఏళ్లు గడిచినా తెలియకపోవచ్చు. సొంత మెషీన్‌లో అయితే ఆ ఫోల్డరు మీరే తెరిచి చూడొచ్చు.

లింక్డ్‌ఇన్‌లో జే క్రెప్స్, పుణేలో చదువుకున్న నేహా నర్ఖేడే, జున్ రావు కలిసి తయారుచేసిన దీన్ని 2011లో ఓపెన్ సోర్స్ చేశారు. రాయడానికి అనువైన సిస్టమ్ కదా అని క్రెప్స్ ఒక రచయిత పేరు పెట్టారు. అర్ధరాత్రి ఎర్రర్ లాగ్ చదివేటప్పుడు ఆ పేరు ఇంకో రకంగానూ నప్పుతుందనుకోండి.

ఇదివరకు పక్కన, సర్వర్లను సమన్వయం చేసే జూకీపర్ కూడా నడపాల్సి వచ్చేది. 2025లో వచ్చిన 4.0 నుంచి అది లేదు. పాత పాఠం చూసి జూకీపర్ స్టార్ట్ చేసే కమాండ్ కొడితే అసలు ఫైలే దొరకదు. జావా 17 వేసుకోండి, క్లస్టర్ ఐడీ పుట్టించండి, స్టోరేజ్ ఫార్మాట్ చేసి సర్వర్ స్టార్ట్ చేయండి. 9092 పోర్టులో కాచుకుని ఉంటుంది. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్‌లో పెట్టుకుంటే తలనొప్పి తక్కువ.

అసలు రుచి ఆ తర్వాతే. ఒక టెర్మినల్‌లో ప్రొడ్యూసర్, ఇంకోదాంట్లో కన్స్యూమర్ తెరవండి. చదివిన మెసేజ్‌లే మొదటి నుంచి మళ్లీ అడగండి, మళ్లీ వస్తాయి. చదివితే చెరిగిపోవడం ఇక్కడ లేదు. కిరాణా కొట్టు చిట్టాలా పద్దు కింద పద్దు పడుతూ పోతుంది. మీరు మార్చకపోతే 7 రోజులు ఉంచుతుంది. ఎవరు ఎంతదాకా చదివారన్న గుర్తే ఆఫ్‌సెట్. ఒకే గ్రూపులో ఇద్దరు కన్స్యూమర్లను పెట్టి చూడండి. ఆ చిట్టాను విడగొట్టే ముక్క, అంటే పార్టిషన్, ఒక్కటే అయితే రెండోవాడు ఖాళీగా కూర్చుంటాడు. పార్టిషన్లు మూడు చేస్తే ఇద్దరికీ పని దొరుకుతుంది, కానీ మెసేజ్‌ల వరుస తప్పుతుంది. వరుస ఒక్కో పార్టిషన్ లోపలే దక్కుతుంది. బ్యాంకు ఖాతాలో జమ కంటే ముందు ఖర్చు చేరితే ఏమవుతుందో ఊహించండి, ఒకే కీ ఉన్నవన్నీ ఒకే పార్టిషన్‌లో పడేలా మెసేజ్‌కు కీ ఎందుకు పెడతారో అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా ఒక్క బ్రోకర్‌తో, అంటే ఒక్క కాఫ్కా సర్వర్‌తో, ఒక్క కాపీతో. పైగా మొదట డేటా టెంప్ ఫోల్డర్‌లో పడుతుంది, మెషీన్ రీస్టార్ట్ చేస్తే మాయం కావచ్చు. ఆ ఫోల్డర్ మార్చుకున్నాక బ్రోకర్లను మూడు చేయండి, రెప్లికేషన్ కూడా మూడు పెట్టండి. మెసేజ్‌లు పోతుండగానే, పార్టిషన్‌కు లీడర్‌గా ఉన్న బ్రోకర్‌ను ఆపేసి చూడండి. ఒక్కో బ్రోకర్ జావా హీప్‌కే 1 జీబీ అడుగుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే ముందు బ్రౌజర్ ట్యాబులు మూసేయండి.