వెదురుతోట - నేలతల్లి జమాఖర్చు

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వెదురును గూర్చి చెప్పుటకు అటవీ శాస్త్రజ్ఞుడో వ్యవసాయాధికారియో రావలెను గాని, కళాశాలలో చరిత్రయు సాహిత్యమును చదివి సచివాలయమున దస్త్రములు తిరుగవేయు వానికి ఈ విషయముతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. సెలవులలో స్వగ్రామములకు పోయివచ్చిన మిత్రులు కొంతకాలముగా నన్నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మెట్టభూమి యూరక పడియున్నది, వెదురు వేయుదుమా? దానికి నీరక్కరలేదు, ఎరువక్కరలేదట గదా!" అని. ఈ "అక్కరలేదట" అను మాటయే నన్నీ వేదిక యెక్కించినది. దూరమున ఉద్యోగము చేయుచు, కౌలుదారుపై భారము వేసి భూమి నిలుపుకొన్న కుటుంబములు మనలో ననేకము కలవు. వారు ఆ మాట నమ్మి నాటినచో పదేండ్లకు గాని దాని ఫలితము తెలియదు.

మొదట చట్టము మాట రెండు ముక్కలలో చెప్పెదను. 1927 నాటి భారత అటవీ చట్టము వెదురును చెట్ల జాబితాలో చేర్చినది. వృక్షశాస్త్రము ప్రకారము అది గడ్డి. వరి, చెరకు, జొన్న దాని దాయాదులు. 2017లో చట్టమును సవరించి ఆ నిర్వచనమునుండి వెదురును తొలగించిరి. దానితో అడవికి వెలుపల పెంచిన బొంగును నరికి తరలించుటకు అటవీశాఖ అనుమతి పత్రముల బెడద తగ్గినది. 2006-07లో ఆరంభమైన జాతీయ వెదురు మిషన్‌ను 2018-19లో పునర్వ్యవస్థీకరించిరి. ఇంతవరకు సంతోషమే. కాని అడవి వెదురునకు చెల్లిన సూత్రము తోట వెదురునకు చెల్లునని యెవ్వరును శాసనము చేయలేదు.

అడవిలో వెదురునకు ఎవ్వరును ఎరువు వేయరు, నిజమే. అచ్చట రాలిన ఆకు అచ్చటనే కుళ్ళును, పడిన బొంగు అచ్చటనే చివుకును. తీసిన దానిని నేలకు తిరిగి యిచ్చు ఏర్పాటు అడవికి సహజముగనే కలదు. తోటలో మనము బొంగును బండి కెత్తి పంపివేయుదుము. బండితోపాటు పోవునదేమి? ఇక్కడనే అసలు లెక్క యున్నది.

వెదురు బొంగులో నుండు ఖనిజ పోషకములలో పొటాషియమునకు పెద్దపీట. ఎండుబొంగు బరువులో నూటికి అరపాలు పొటాషియ మున్నదని అనుకొందము. జాతిని బట్టి, నేలను బట్టి ఇది మారును. లెక్క సులువుగా నుండుటకే ఈ అంకె తీసికొంటిని. హెక్టారునుండి ఏటేట 10 టన్నుల ఎండుబొంగు పోయినచో, 50 కిలోల పొటాషియము పోయినట్లే. అంగడిలో దొరకు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో సుమారు సగము మాత్రమే పొటాషియము గనుక, 50 కిలోల బస్తాలు రెండు ఏటేట మన పొలమునుండి ఉచితముగా బండి యెక్కుచున్నవన్నమాట. పదేండ్లకు ఇరువది బస్తాలు. కర్నూలు నల్లరేగడి ఈ వెచ్చమును కొంతకాలము భరించునేమో గాని, ఇసుక కలిసిన ఎఱ్ఱచెలక భరింపజాలదు.

నత్రజని కథ వేరు. అది ఆకులలోను లేత కొమ్ములలోను ఎక్కువ. ఆకు రాలుటకు ముందు మొక్క దానిలోని నత్రజనిని, భాస్వరమును కొంతవరకు వెనుకకు లాగికొని దుంపలోను కాండములోను దాచుకొనును. మన మెట్ట అడవులలోని సాధన వెదురు ఆకు రాల్చునది ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మాసములలో. ఖర్చుకాని గ్రాంటును మార్చి నెలాఖరున సరెండరు చేయించు మన ఆర్థికశాఖవారు ఈ విద్యను వెదురునుండియే నేర్చిరేమో! ఎరువు దండిగా దొరకు నేలలో అనేక మొక్కలు ఈ పొదుపును తగ్గించుకొనును. అందుచేతనే, ఒక్కొక్క కిలో పోషకమునకు ఎంత బొంగు లభించినదను లెక్క, ఎరువు పెరిగినకొలది పడిపోవుచుండును. రెండింతలు వేసినంత మాత్రమున రెండింతలు పండదు.

సిలికా మాట మరువరాదు. వెదురు ఆకులో అది మెండు. రాలిన ఆకును పొదక్రింద విడిచినచో సిలికా మెల్లమెల్లగా మరల వేళ్ళకందును. పాముల భయముచేతనో శుభ్రత కొరకో ఆ ఆకును ఊడ్చి నిప్పు పెట్టుట మన పల్లెలలో అలవాటు. కాల్చినచో నత్రజనిలో అధికభాగము పొగయై పోవును. పొటాషియము బూడిదలో మిగులును గాని తొలివాన ఉధృతికి కొట్టుకొనిపోవును. తప్పనిసరియై కాల్చినవారు ఆ బూడిదనైనను పొద మొదట మట్టిలో కలిపి ఎగదోసిన మేలు.

ఈ విషయమున మన దేశమున జరిగిన పరిశీలన యొకటి చెప్పదగినది. మేఘాలయ కొండలలో పోడు వ్యవసాయమును ఆచార్య పి. ఎస్. రామకృష్ణన్ గారును, వారి సహచరులును 1970లు, 80లలో శ్రద్ధగా పరిశీలించిరి. అడవి నరికి, కాల్చి, పైరు వేసి విడిచిన వాలులమీద వెదురు త్వరగా లేచి, వానకు కొట్టుకొనిపోవలసిన పొటాషియమును పీల్చి తనలో నిలుపుకొనుచున్నదని వారు చూపిరి. జావా పశ్చిమభాగమున రైతులు పాటించు పద్ధతియు ఇట్టిదే. ఒక యేడు కూరపాదులు, ఒక యేడు కర్రపెండలము, పిదప నాలుగేండ్లు వెదురు. వెదురులేని నేల చచ్చిపోవునని వారి నమ్మకము. ఇందులో గమనింపవలసిన దేమనగా, ఈ రెండు చోట్లను వెదురు పోషకమును సృష్టించుట లేదు, కాపాడుచున్నది. కాపాడిన దానిని మనము నరికి అమ్ముకొన్నప్పుడు, కాపలాదారుని నిందించి ప్రయోజనము లేదు.

ఇక నేలను బాగుచేయు ద్రవ్యముల సంగతి. ఈశాన్య రాష్ట్రములలోను, పడమటి తీరమునను ఉన్న పుల్లనేలలలో ఇనుము, అల్యూమినియము భాస్వరమును పట్టి బంధించును. సూపర్ ఫాస్ఫేటు వేసినను మొక్క కందునది కొంచెమే. అట్టిచోట సున్నము చల్లినచో పులుపు విరిగి భాస్వరము విడివడును. అయితే వెదురు కొద్దిపాటి పులుపును ఇష్టపడు మొక్క. సున్నము హెచ్చినచో జింకు, ఇనుము అందక ఆకు పాలిపోవును. మన రాయలసీమ, తెలంగాణ నేలలలో పెక్కింటికి సున్నము అక్కరయే లేదు. పొరుగువాడు వేసినాడని వేయుట కంటె, భూసార పరీక్ష చేయించి ఆ చీటీ చూచి వేయుట మేలు.

పశువుల ఎరువు, గత్తము వెదురునకు పరమాన్నము. వెదురు వేళ్ళలో అధికభాగము పై అడుగు లోతులోనే పరచుకొని యుండును. ఆ అడుగులో తేమను, పోషకమును పట్టియుంచు శక్తి గత్తమునకు కలదు. నరుకుడులో మిగిలిన తుంటలను గాలి తగులకుండ కాల్చి చేసిన బొగ్గుపొడి నేడు శాస్త్రజ్ఞులు మెచ్చుచున్న ద్రవ్యము. అది పులుపును కొంత విరచును, అమ్మోనియాను పట్టి నిలుపును. కాని బొగ్గు గిన్నెవంటిది. అన్నము వేరే వడ్డింపవలెను. బొగ్గుతోపాటు గత్తమో ఎరువో చేర్చనిచో ఆశించిన ఫలము రాదు.

అతి చేసినచో నేమగునో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రము తెలుపుచున్నది. అచ్చటివారు లేయి అను వెదురును కొమ్ముల కొరకు పెంచుదురు. శీతకాలమున నేలపై వరిఊక దట్టముగా కప్పి, రసాయనిక ఎరువులు కుమ్మరించి, కాలముకాని కాలమున కొమ్ములు మొలిపించి మంచి ధరకు అమ్మిరి. కొన్నేండ్లకు నేల పుల్లబారినది, భాస్వరము పేరుకొన్నది, నత్రజని నీటిలోనికి జారినది, తోటలు క్షీణించినవి. ఎరువు వలన వచ్చిన సొమ్ములో కొంత నేలను బాగుచేసికొనుటకే వెచ్చింపవలసివచ్చినది.

మన దేశమున అపాయము మరియొక దారిని వచ్చుచున్నది. 2010లో పోషకముల ననుసరించి సబ్సిడీ యిచ్చు విధానము వచ్చినప్పుడు యూరియాను దాని వెలుపల నుంచిరి. పొటాష్ దాదాపు పూర్తిగా విదేశముల నుండి రావలసినదే. అందువలన యూరియా చవుక, పొటాష్ ప్రియము. రైతు చేయి సహజముగా చవుకబస్తా మీదికే పోవును. నత్రజని మాత్రమే మితిమీరిన వరి మెత్తబడి గాలికి ఒరుగుట మన మెరిగినదే. వెదురును గడ్డియే గదా. ఒరిగిన బొంగు మేదరివాని తట్టకును పనికిరాదు, నిచ్చెనకును పనికిరాదు. ఇది రైతు అజ్ఞాన మని తీసివేయుట నాకు సమ్మతము కాదు. ధరల పట్టిక చెప్పినట్లే అతడు నడచుచున్నాడు.

ఎరువు వేయు కాలము గూర్చి యొక మాట. వానకాలమున వెడలిన కొమ్ము రెండు మూడు నెలలలోనే తన పూర్తి యెత్తు పెరుగును. అంత వేగమునకు కావలసిన ఆహారము అప్పటికప్పుడు నేలనుండి వచ్చునది కాదు. దుంపలోను, ప్రక్కనున్న పెద్ద బొంగులలోను ముందే కూడబెట్టినది. కాబట్టి ఈ యేటి ఎరువు అధికముగా వచ్చే యేటి కొమ్ములలో కనబడును. తొలకరిలో పొద చుట్టును కొంత ఎడముగా గాడి తీసి వేసి మట్టి కప్పవలెను. మూడేండ్లు నిండని బొంగును నరుకరాదు. అదియే పొదకు ధాన్యపు గాదె. ఒకేసారి పొదనంతటిని నరికి సొమ్ము చేసికొన్నవానికి ఎన్ని బస్తాలు పోసినను ఆ గాదె వెంటనే నిండదు.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు గనుక, పూతను గూర్చి కొందరు ముందే అడిగిన ప్రశ్నకు మాత్రము బదులు చెప్పెదను. మిజోరాములో 1959లో వెదురు పూచి, ఎలుకలు ప్రబలి, కరవు వచ్చినది; మరల 2006-08 నడుమ పూచినది. ఒకే తల్లిపొద పిలకలను వేర్వేరు నేలలలో నాటినను ఇంచుమించు ఒకే కాలమున పూచి చచ్చును. ఎరువు దీనికి మందు కాదు. నారు తెచ్చుకొనునప్పుడే తల్లిపొద వయస్సు, జాతి అడిగి వ్రాయించుకొనుడు. అమ్మువాడు చెప్పలేనిచో మరియొక నర్సరీకి పొండు.